రూన్‌స్కేప్ గొడవ: మొదలు 2012లో కాదు, 2007 డిసెంబర్‌లో

రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో ట్రెజర్ హంటర్ పోయింది. లక్ష ఓట్లు పడితే తీసేస్తామని జాజెక్స్ కంపెనీ 2025 నవంబర్‌లో చెప్పింది. గడువుకు ముందే లక్ష దాటింది. 2026 జనవరిలో నిజంగానే తీసేశారు. డబ్బు పెట్టి తాళంచెవులు కొని, పెట్టె తెరిచి, అదృష్టం బాగుంటే అనుభవం పాయింట్లు పట్టుకుపోయే ఏర్పాటు అది. ఇప్పుడు తగువంతా ఈ ఘనత ఎవరిదన్న దాని మీద. తప్పు దిద్దుకున్న కంపెనీదా, పదమూడేళ్లు మొత్తుకున్న ఆటగాళ్లదా?

2001లో గోవర్ సోదరులు ఆట మొదలుపెట్టడం, బ్రౌజర్లోనే నడవడం, 2004లో రూపం మారడం ఆడినవాళ్లందరికీ తెలిసిన సంగతులే. కథ చెప్పేవాళ్లు మామూలుగా 2012 నవంబర్ 20 దగ్గర ఆగుతారు. ఆ రోజు పోరాట పద్ధతి మొత్తం మార్చేశారు, జనం వెళ్లిపోయారు, అందుకే పాత ఆటను మళ్లీ తెరవాల్సి వచ్చింది అంటారు. అది సగం నిజం. పోరాటం ఒక్కటే కారణమైతే 2014 జులైలో లెగసీ మోడ్ పేరుతో పాత తరహా పోరాటాన్ని కొత్త ఆటలోకి తెచ్చినప్పుడు జనం తిరిగి రావాలి కదా? పెద్దగా రాలేదు. వాళ్ల అలక వేరే చోట ఉంది.

అందుకోసం 2007 డిసెంబర్ 10కి వెళ్లాలి. అప్పటికి గోల్డ్ ఫార్మర్ల బెడద ముదిరింది. ఆటలో నాణేలు పోగేసి, బయట నిజం డబ్బుకు అమ్ముకునేవాళ్లు వీళ్లు. వాళ్లలో చాలామంది దొంగిలించిన క్రెడిట్ కార్డులతో మెంబర్‌షిప్ తీసుకునేవారు. కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేస్తే బ్యాంకు ఆ సొమ్ము కంపెనీ నుంచి వెనక్కి లాగేది. ఈ విషయంలో జాజెక్స్ మాటలో న్యాయం ఉంది. దొంగ కార్డుల లావాదేవీలు పెరిగితే ఏ వ్యాపారమైనా కార్డులు తీసుకునే వీలే పోగొట్టుకుంటుంది. చందాల మీద బతికే ఆటకు అది చావుదెబ్బ.

కానీ ఎంచుకున్న మందు మాత్రం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. 2008 జనవరి నుంచి దాదాపు సమాన విలువ లేకుండా ఒకరికొకరు ఏదీ ఇచ్చుకోకూడదన్నారు. స్నేహితుడికి ఖరీదైన కత్తి బహుమతిగా ఇవ్వడానికి కూడా వీల్లేదు. వైల్డర్‌నెస్ అనే ప్రాంతంలో ఎదుటి ఆటగాడిని చంపి సొత్తు దోచుకునే పాత పద్ధతి పోయింది. ఆ ప్రాంతంలోని భయమే ఆటకు సగం ప్రాణం. ఆటలోనే గుంపులు గుంపులుగా చేరి నిరసనలు చేశారు. కంపెనీ వెనక్కి తగ్గలేదు.

తర్వాత జరిగినవన్నీ అక్కడి నుంచే పుట్టాయని నా లెక్క. ఆ రోజు జాజెక్స్ గట్టిగా చెప్పిన సూత్రం ఒకటే: బయటి డబ్బుతో ఆటలో పైచేయి కొనుక్కోకూడదు. ఆ సూత్రం కోసం ఆటగాళ్లు మూడేళ్లకు పైగా నష్టపోయారు. తిట్టుకున్నారు, కానీ మూల్యం కట్టారు. 2010 చివర్లో ఓటింగ్ పెట్టి అడిగితే 12 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, 91 శాతం పాత పద్ధతే కావాలన్నాయి. 2011 ఫిబ్రవరి 1న స్వేచ్ఛా వ్యాపారం, వైల్డర్‌నెస్ తిరిగొచ్చాయి. పెద్ద నిర్ణయానికి ముందు మమ్మల్ని అడగాలి అన్న పట్టుదలకు బలం ఆ ఓటుతోనే వచ్చింది.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2012 ఫిబ్రవరిలో, స్క్వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ అనే బహుమతుల చక్రం వచ్చింది. రోజూ ఉచితంగా తిప్పుకోవచ్చన్నారు. ఏప్రిల్‌కల్లా అదనపు తిప్పుళ్లు డబ్బుకు అమ్మకానికి పెట్టారు. గోల్డ్ ఫార్మర్ అమ్మితే నేరమైనది కంపెనీ అమ్మితే సేవ అయింది. దీని మీద ఓటు పెట్టలేదు. 2014లో చక్రం పోయి ట్రెజర్ హంటర్ వచ్చింది, తీరు మారలేదు. ఇష్టముంటేనే కొనండి, ఆటను నిలబెట్టడానికి ఆదాయం కావాలి అన్నది కంపెనీ వాదన.

ఆ ఇష్టం ఎంతదాకా వెళ్లిందో 2019లో బ్రిటన్ కామన్స్ సభ కమిటీ నివేదికలో ఉంది. ఈ ఆటలో కొనుగోళ్ల వల్ల తన కొడుకు 50,000 పౌండ్లకు పైగా అప్పుల్లో మునిగాడని ఓ వ్యక్తి కమిటీకి చెప్పుకున్నారు. వారానికి 1,000 పౌండ్లు, నెలకు 5,000 పౌండ్ల వరకు ఖర్చుపెట్టే వీలుందని జాజెక్స్ ప్రతినిధి ఒప్పుకున్నారు. ఆ పరిమితిని అంతకు ముందు ఏడాదిలో ఒక్కరే తాకారని కూడా అన్నారు. చందా ఆటలో అంత పరిమితి ఎందుకు పెట్టినట్టో!

ఇక 2013 ఫిబ్రవరి. పాత ఆట కావాలా అన్న ఓటుకు 4,49,351 మంది కదిలారు. తెరిచినది 2007 ఆగస్టు నాటి బ్యాకప్. ఆ తేదీ దొరికిన బ్యాకప్‌ని బట్టి వచ్చిందే అయినా, డిసెంబర్ దెబ్బకు నాలుగు నెలల ముందుది. ఓల్డ్ స్కూల్ పేరుతో తెరిచిన ఆ పాత ఆటలో చక్రం లేదు, పెట్టె లేదు. కొత్త సరుకు ఏది చేర్చాలన్నా 75 శాతం ఓట్లు రావాలన్నారు. 2022లో దాన్ని 70కి తగ్గించారు. 2018లో మొబైల్‌కీ వచ్చింది. కొత్తదాని కంటే పాతదే పెద్దదైంది.

ఓల్డ్ స్కూల్ వాళ్లు మరీ మడి కట్టుకున్నవాళ్లేం కాదు. డబ్బుతో బాండ్ (మెంబర్‌షిప్‌గా మార్చుకోగల వస్తువు) కొని ఆటలో నాణేలకు అమ్ముకునే వీలు 2015 నుంచి అక్కడా ఉంది. 2007లో నిషేధించినదానికీ దీనికీ ఉన్న తేడా సొమ్ము ఎవరి జేబులోకి వెళ్తుందన్నదే. ఈ మాటంటే వాళ్లకు కోపమొస్తుంది.

మధ్యలో యజమానులు మారుతూ వచ్చారు. 2016లో చైనా పెట్టుబడిదారులు, 2021లో కార్లైల్, 2024లో సీవీసీ అనే పెట్టుబడి సంస్థలు. 2023లో డబ్బు కడితే అదనపు బహుమతులిచ్చే హీరో పాస్ తెచ్చి కంపెనీ మరోసారి చీవాట్లు తింది. 2025 ఆరంభంలో చందా శ్రేణుల మీద సర్వే చేసి, అందులో ప్రకటనలు చూపించే చౌక శ్రేణి ఆలోచన పెట్టి క్షమాపణ చెప్పుకుంది. అదే ఏడాది సీఈఓగా వచ్చిన జాన్ బెల్లమీ హయాంలోనే ట్రెజర్ హంటర్ ఓటు జరిగింది.

కంపెనీ ధైర్యం చేసిందని మెచ్చుకునేవాళ్లున్నారు. చేసింది, నిజమే. అయితే 2012 ఏప్రిల్‌లో అడగాల్సిన ప్రశ్నను 2025లో అడిగారు, అదీ లక్ష ఓట్ల షరతు పెట్టి. పెట్టినప్పుడు అక్కర్లేని ఓటు తీసేటప్పుడు ఎందుకు కావలసి వచ్చిందని పాత ఆటగాళ్లు అడుగుతున్నారు. ఓటు జరిగింది ట్రెజర్ హంటర్ మీదే. బాండ్ల అమ్మకం మాత్రం రెండు ఆటల్లోనూ సాగుతోంది.