క్యాన్సర్ మందులు వాడుతుంటే పళ్ల సంగతి: అపోహలు - వాస్తవాలు

పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లను ఏం మందులు వాడుతున్నారని అడిగితే బీపీ, షుగర్ బిళ్లల పేర్లు గబగబా చెప్పేస్తారు. నెలకోసారి వేయించుకునే ఎముకల ఇంజెక్షన్ మాట మాత్రం చాలామంది ఎత్తరు. డెంటిస్టుగా నాకు ముందు తెలియాల్సింది అదే.

అపోహ: అది ఎముకల ఇంజెక్షన్, పళ్లకేం సంబంధం?

వాస్తవం: క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు జోలెడ్రానిక్ యాసిడ్ గానీ డెనోసుమాబ్ గానీ ఇస్తుంటారు. ఇవి ఎముకను కరిగించే కణాలను అడ్డుకుంటాయి. దాంతో పాత ఎముక పోయి కొత్తది వచ్చే పని కూడా మందగిస్తుంది. పన్ను పీకిన చోట చిగురు మూసుకోక, దవడ ఎముక బయటికి కనబడుతూ ఉండిపోవచ్చు. దవడకు రేడియేషన్ ఇవ్వకపోయినా 8 వారాలు దాటి అలాగే ఉంటే మందు ప్రభావమేనని అనుమానిస్తాం. కింది దవడలో ఎక్కువ. నొప్పి ఉండాలనేం లేదు. నాలుకకు గరుకుగా తగులుతుంటే పన్ను ముక్క మిగిలిపోయిందనుకుని గోటితో గీకుతుంటారు. దయచేసి గీకకండి, చూపించండి.

అలాగని టెన్షన్ పడి ఇంజెక్షన్ మానేయొద్దు. క్యాన్సర్ రోగుల్లో కూడా ఇది 100లో 5 మంది కంటే తక్కువమందికే వస్తుంది. ఎముకలు విరగకుండా కాపాడుతున్నది ఆ మందే.

అపోహ: అయితే డెంటిస్టు దగ్గరికే వెళ్లకూడదు.

వాస్తవం: వెళ్లకపోతేనే ముప్పు. పుచ్చు పూడ్పించుకోవచ్చు, పళ్లు క్లీన్ చేయించుకోవచ్చు. వీలైతే పీకే బదులు రూట్ కెనాల్ చేస్తాం. చీము పట్టిన పన్నును అలాగే వదిలేసినా ఎముకకు చేటే. తప్పక పీకాల్సినవి ఉంటే మొదటి ఇంజెక్షన్‌కు ముందే పీకించుకుని, పుండు మాననివ్వడం మేలు. వదులైన కట్టుడు పళ్లు ఒరుసుకుపోతుంటే అవీ సరిచేయించుకోండి.

అపోహ: పీకే ముందు ఒకట్రెండు డోసులు ఆపితే సరి.

వాస్తవం: జోలెడ్రానిక్ యాసిడ్ ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. డెనోసుమాబ్ ప్రభావం కొన్ని నెలల్లో తగ్గుతుంది కానీ, ఆపేశాక వెన్నుపూసలు విరిగిన కేసులున్నాయి. ఇది మీ క్యాన్సర్ డాక్టరూ (ఆంకాలజిస్టు), డెంటిస్టూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం.

ఇంకో భయం, అంగిట్లో మచ్చ పడితే క్యాన్సర్ తిరగబెట్టిందని. ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మందు ఏళ్లుగా వాడేవాళ్లలో కొందరికి అక్కడ నీలం, బూడిద కలిసిన రంగు వస్తుంది. దానివల్ల హాని లేదు. అయినా ఒకసారి చూపించుకోండి. ఎవరోలిమస్ అనే మరో క్యాన్సర్ మందు వాడేవాళ్లకు మొదటి వారాల్లోనే నోటిపూత రావచ్చు, దానికి స్టెరాయిడ్ మౌత్‌వాష్ ఉంది. మందు మొదలుపెట్టే రోజే డాక్టర్‌ను అడిగి రాయించుకోండి.