తూము దగ్గర కాపలా

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, "తమ్ముడికి అమ్మ లివర్ ముక్క పెట్టేశారు, ఆపరేషన్ బాగా అయిందన్నారు, మరి రోజూ పొట్టకి జెల్ రాసి స్కాన్ ఎందుకు?" అని ఫోన్లో అడిగావు కదా. మీ అమ్మమ్మ టెన్షన్ కూడా అదే.

మన కోనసీమ పొలం గుర్తుందిగా? లివర్‌ని ఒక మడి అనుకోండి. దానికి నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. పెద్ద కాలువ పోర్టల్ సిర. తిన్న తిండిలోని సారాన్ని పేగుల నుంచి మోసుకుని నెమ్మదిగా వస్తుంది. లివర్‌కి చేరే రక్తంలో దాదాపు ముప్పావు వంతు దీనిదే. సన్నటి బోదె హెపాటిక్ ధమని. ఇది గుండె తోసిన జోరుతో, ఆక్సిజన్ నిండుగా వస్తుంది. ఇక వాడుకున్న రక్తం హెపాటిక్ సిరల్లోంచి మురుగు కాలువలోకి దిగినట్టు దిగి గుండెకి పోతుంది. ఈ మూడింటినీ తమ్ముడి నాళాలకి కలిపి కుట్టారు. పసివాళ్ల ధమని అగ్గిపుల్లంత ఉంటుంది. దాన్ని వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు.

బెడదంతా ఆ కుట్టిన చోటే. అక్కడ రక్తం గడ్డకట్టొచ్చు, దారి ఇరుకవ్వొచ్చు. ముక్క కాస్త పక్కకి ఒరిగితే బయటికి పోయే సిర మడతపడొచ్చు. అప్పుడు మురుగు తీయని చేను మునిగినట్టు లివర్ ఉబ్బి, పొట్టలో నీరు చేరుతుంది.

నా చిన్నప్పుడు మా నాన్న రాత్రిళ్లు నన్ను తూము దగ్గర కూర్చోబెట్టేవాడు. చేతిలో లాంతరు, జేబులో వేయించిన వేరుశెనక్కాయలు, చుట్టూ కప్పల గోల. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తూముకి అడ్డం పడితే నీళ్ల చప్పుడు మారేది. నిద్రలో ఉన్నా లేచేవాణ్ణి. పైరు మాత్రం మర్నాటికీ పచ్చగానే ఉండేది. వాడిపోయాక పరిగెత్తి ఏం లాభం? నీళ్లు వదలడం ఎవరైనా చేస్తారు, కాపలా కాసేవాడే రైతు.

మడికి లేని చిక్కొకటి లివర్‌కి ఉంది. పైత్యరసం పోయే గొట్టాలు ధమని రక్తం మీదే బతుకుతాయి, పెద్ద కాలువ ఎంత పారినా వాటికి దక్కదు. మనకైతే పక్కదారులు ఆదుకుంటాయి. కొత్త లివర్‌కి అవి తెగిపోయి ఉంటాయి. అందుకే ధమని మూసుకుంటే వెంటనే కనిపెట్టాలి. రోజూ చేసే ఆ స్కాన్, రక్తం సరిగ్గా పారుతోందా అని చూసే కాపలా. కనిపెడితే గడ్డ తీస్తారు, లేదా ఇరుకైన చోట బెలూన్‌తో వెడల్పు చేస్తారు. ఆలస్యమైతే ఒక్కోసారి ఇంకో లివర్ వెతుక్కోవాలి.

భయపడకండి. 1998లో ఢిల్లీలో రెండేళ్లు నిండని ఒక పిల్లవాడికి వాళ్ల నాన్న లివర్ ముక్క పెట్టారు. మన దేశంలో పిల్లల్లో అదే మొదటి విజయం. ఆ పిల్లవాడు పెద్దయి డాక్టరయ్యాడు!

ఈసారి స్కాన్ చేసేటప్పుడు సౌండ్ పెంచమని నాన్న చేత అడిగించండి. ధమని చప్పుడు గుండెతో పాటు ఎగసి తగ్గుతూ కొట్టుకుంటుంది, పోర్టల్ సిర ఆపకుండా హోరుమంటుంది. తెర మీద ఎర్రగా కనిపించిందల్లా ధమని అనుకోకండి. ఎరుపంటే మెషీన్ వైపు వచ్చే రక్తం, నీలమంటే దూరంగా పోయేది. ఏది ఎటు పోతోందో మీరే చూసి, ఆ చప్పుడు రికార్డు చేసి నాకు పంపండి.

మీ తాతయ్య