ఎడారికి వెళ్తున్న గోదావరి జిల్లాలవాళ్ళకి: నీళ్ళ విషయంలో అపోహలు - వాస్తవాలు

కోనసీమలో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి ఉండదు. కువైట్, దోహా, మస్కట్, దుబాయ్ పేర్లు మనకి రావులపాలెం, రాజోలు అన్నంత అలవాటు. ఈమధ్య ఇంకో వరస ప్రయాణాలు మొదలయ్యాయి. దుబాయ్‌లోనో, అమెరికాలో ఫీనిక్స్‌లోనో స్థిరపడిన పిల్లలు అమ్మానాన్నల్ని రెండు మూడు నెలలకి పిలిపించుకుంటున్నారు. సెలవు రోజు తెల్లవారుజామునే నాన్నని గోల్ఫ్ కోర్సుకి తీసుకెళ్తున్నారు. అమలాపురంలో జనరల్ ఫిజీషియన్‌ని కాబట్టి కూలికి వెళ్ళేవాళ్ళూ, కొడుకు దగ్గరికి వెళ్ళేవాళ్ళూ ప్రయాణానికి ముందు నా దగ్గరికే వస్తారు. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు మూడు నెలలకి సరిపడా రాయించుకుంటారు. నీళ్ళ సంగతి ఎత్తితే మాత్రం "ఎండ మనకి కొత్తా డాక్టరుగారూ" అంటారు. ఆ ఎండ కొత్తే. ఎలా కొత్తో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్ళం, ఎడారి మనల్నేం చేస్తుంది?

మన చుట్టూ కాలువలు, చెరువులు, వరిచేలు, కాస్త దూరంలో సముద్రం. గాలి నిండా తేమ. 36, 37 డిగ్రీలకే చొక్కా తడిసి వీపుకి అంటుకుపోతుంది. చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. ఒంట్లో వేడిని తీసుకుపోయేది చెమట కారడం కాదు, ఆరడం. ఒక లీటరు చెమట ఒంటిమీద పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. నేల మీదకి కారిపోయిన చెమట వల్ల ఆ మేలు జరగదు. అందుకే మనకి ఉక్కపోత.

పొడి ఎడారిలో లెక్క తిరగబడుతుంది. ఫీనిక్స్‌లో జూన్ మధ్యాహ్నం గాలిలో తేమ 10 శాతం దాకా పడిపోతూ ఉంటుంది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చర్మం పొడిగా, గాలి తగిలితే హాయిగా కూడా ఉంటుంది. "అక్కడ చెమటే పట్టదండీ" అని వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతుంటారు. పట్టకపోవడం కాదు, కనబడకపోవడం. ఎండలో నడిచే మనిషికి గంటకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా పోవచ్చు, బనీను మాత్రం పొడిగానే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఎండని తడిసిన చొక్కాతో కొలిచిన మనకి ఆ కొలత అక్కడ పనిచేయదు. నమ్మకం కుదరకపోతే సాయంత్రం టోపీ తీసి లోపలి పట్టీ చూడండి. తెల్లటి ఉప్పు చార కనబడుతుంది.

గల్ఫ్ అంతా ఒకే రకం కూడా కాదు. కువైట్‌లో వేసవి చాలా రోజులు పొడిగా ఉంటుంది. దుబాయ్, దోహా సముద్రం ఒడ్డున ఉన్నాయి కాబట్టి జూలై, ఆగస్టుల్లో అక్కడ 40 డిగ్రీలు దాటిన వేడికి మన ఉక్కపోత తోడవుతుంది. చెమట ఆరని చోట ఎన్ని నీళ్ళు తాగినా ఒళ్ళు చల్లబడదు. అక్కడ నీళ్ళ కంటే ముందు నీడ, విశ్రాంతి కావాలి.

అపోహ: నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది.

కొత్త వేడికి శరీరం సర్దుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె దడ తగ్గుతుంది. కానీ రోజూ కొంచెం కొంచెంగా వేడిలో తిరిగితేనే ఈ మార్పు వస్తుంది. వారమంతా ఏసీ గదిలో ఉండి సెలవు రోజు ఒక్కసారి ఎండలోకి వెళ్ళే పెద్దాయన రెండో నెలలో కూడా కొత్తవాడే.

కూలి పనికి మొదటిసారి వెళ్తున్న తమ్ముళ్ళకి ఒక మాట. మొదటి వారమే మన సత్తా చూపించాలని అనుకోకండి. ఎండదెబ్బకి ఎక్కువగా పడిపోయేది కొత్తగా చేరిన రోజుల్లోనే. మధ్యాహ్నం ఎండలో పని పెట్టకూడదని అక్కడి ప్రభుత్వాలే నిషేధం పెట్టాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి 3.30 వరకు ఆరుబయట పని నిషేధం. ఈ వేళలు కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి. ఇంకొకటి. సైట్లో బాత్‌రూమ్ దూరమని నీళ్ళు తాగడం మానేసి, కిడ్నీలో రాయితో సెలవుకొచ్చే కుర్రాళ్ళని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. మూత్రం రోజుల తరబడి చిక్కగా ఉంటే రాళ్ళు కట్టడానికి అదే దారి.

అపోహ: దాహం వేసినప్పుడు తాగితే చాలు.

ఇంట్లో ఉన్న ఆరోగ్యవంతుడికి ఇది నిజమే. రోజుకి ఇన్ని లీటర్లని లెక్కపెట్టుకుని తాగక్కర్లేదు. కానీ వయసు పెరిగేకొద్దీ దాహం మందగిస్తుంది. అరవై దాటినవాళ్ళకి ఒంట్లో నీరు తగ్గినా గొంతు ఆ కబురు సరిగ్గా చెప్పదు. పైగా ఎండలో, ఆట ధ్యాసలో పట్టించుకోం.

గోల్ఫ్ చూడ్డానికి తీరుబడి ఆట. కానీ 18 హోల్స్ (బంతిని ఒక్కో గుంతలో వేసేదాకా ఆడే అంచె ఒక హోల్) నడిచి ఆడితే నాలుగైదు గంటలు, ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు. చాలాచోట్ల నీడ ఉండదు. ఎండలో నడిచేవాళ్ళకి 15, 20 నిమిషాలకి ఒక గ్లాసు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్లు, మంచి కొలత. ఒక్కో హోల్‌కి దాదాపు పావుగంట పడుతుంది కాబట్టి వాచీ చూసుకోనక్కర్లేదు, హోల్ మారినప్పుడు ఒక గ్లాసు. బండిలో తిరిగేవాళ్ళకి రెండు హోల్స్‌కి ఒకటి చాలు. ఏం చేసినా గంటకి లీటరున్నర దాటకూడదు. డిసెంబరు, జనవరి చల్లదనంలో ఆడుతుంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, దాహానికి తాగండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉండి నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు మాత్రం ఈ కొలత పట్టుకోకూడదు. మీ డాక్టర్ని అడగండి.

మీకెంత పోతోందో తెలుసుకోవాలంటే వెళ్ళేముందు, వచ్చాక ఒకే రకం బట్టల్లో బరువు చూసుకోండి. కిలో తగ్గితే తాగినదానికి మించి లీటరు నీరు పోయిందని అర్థం. మూత్రం రంగు కూడా చెబుతుంది, కానీ బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు ఆ పసుపు చూసి కంగారు పడొద్దు.

అపోహ: ఎన్ని నీళ్ళు తాగితే అంత మంచిది.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే, ఎందుకంటే మంచి ఉద్దేశంతో చేసే పని ఇది. మన వైపు రిటైరైన ఒక మాస్టారు దుబాయ్‌లో కూతురింటికి వెళ్ళారు. బీపీకి నీరు లాగే మందు కలిసిన మాత్ర వేసుకుంటారు. బీపీ అని కూరలో ఉప్పు ఏనాడో తగ్గించేశారు. ఏప్రిల్ చివర్లో ఒక ఉదయం అల్లుడుగారితో గోల్ఫ్‌కి బయల్దేరారు. ఎండలోకి వెళ్తున్నాం, కడుపు తేలిగ్గా ఉండాలని టిఫిన్ మానేశారు. దారి పొడుగునా వట్టి మంచినీళ్ళే. పన్నెండో హోల్ దగ్గర తలనొప్పి, వికారం. అల్లుడు కంగారుపడి "మావయ్యగారూ, ఎండ తగిలినట్టుంది, ఇంకో బాటిల్ తాగండి" అన్నాడు. తాగారు. వాంతయింది. మాట తడబడింది. వేలికున్న ఉంగరం బిగుసుకుపోయి తిరగలేదు. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో సోడియం 124. ఉండాల్సింది 135 నుంచి 145.

రొయ్యల చెరువులున్నవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. కుంభవృష్టి కురిసిన రాత్రి చెరువులో నీళ్ళు నిండుగానే ఉంటాయి, కానీ సాలినిటీ, అంటే నీటిలో ఉప్పదనం, పడిపోతుంది, రొయ్య నీరసిస్తుంది. రక్తంలోనూ అంతే. చెమటతో ఉప్పు పోతోంది, పైనుంచి వట్టి నీళ్ళు పడుతున్నాయి. సోడియం పలచబడితే మెదడు ఉబ్బుతుంది. ముదిరితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు.

నీరు తక్కువైనవాళ్ళకి నోరు ఎండుతుంది, మూత్రం చిక్కబడుతుంది, బరువు తగ్గుతుంది. ఉప్పు పలచబడినవాళ్ళకి కడుపు నిండుగా, వాంతి వచ్చేలా ఉంటుంది, వేళ్ళు ఉబ్బుతాయి, బరువు పెరగనూవచ్చు. తలనొప్పి, తికమక రెండింట్లోనూ ఉంటాయి. గ్లాసుల మీద గ్లాసులు తాగిన మనిషి తికమక పడుతుంటే ఇంకో గ్లాసు ఇవ్వకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మందు చాలా మామూలుది: తిని బయల్దేరడం. ఇడ్లీ సాంబారు, ఉప్మా, పెరుగన్నంలో ఊరగాయ, ఏదైనా సరే. రెండు గంటలు దాటే ఎండ తిరుగుడైతే మధ్యలో ఉప్పుగా ఏదైనా తినాలి, ఉప్పు మజ్జిగో ఓఆర్ఎస్సో కొంత తాగాలి. ఉప్పు బిళ్ళలు మింగకండి, వాంతులవుతాయి. నీరు లాగే మాత్ర వాడుతున్నవాళ్ళు ప్రయాణానికి ముందే డాక్టర్‌ని కలవాలి. మోతాదు మార్చాలో వద్దో మీ అంతట మీరు తేల్చుకోవద్దు.

అపోహ: కొబ్బరి నీళ్ళకి మించింది లేదు.

కొబ్బరి చెట్ల కింద పుట్టి ఈ మాట అనడం నాకూ కష్టమే. కొబ్బరి నీళ్ళు మంచివి. కానీ వాటిలో పొటాషియం మెండు, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. కాబట్టి బొండం తాగి, దాంతోపాటు ఉప్పుగా ఏదైనా తింటేనే లెక్క సరిపోతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్ళకి రోజూ బొండాలు మంచిది కాదు.

మజ్జిగ మన దగ్గరున్న గొప్ప పానీయం, చిటికెడు ఉప్పు వేస్తేనే. గల్ఫ్‌లో ప్రతి కొట్లోనూ లబన్ అని దొరికేది మన మజ్జిగకి దగ్గరి చుట్టమే. ఉప్పు కలపనిదైతే కలుపుకోండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరులోనే కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ కలిపే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ, అది చిక్కనైపోయి మేలు బదులు కీడు చేస్తుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు సమతలమైన టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. లోపల తీపి ఎక్కువై పైన ఓఆర్ఎస్ అని రాసుకున్న రంగు డబ్బాలని నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకి సరిపోని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని మన ఆహార భద్రత సంస్థ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం దాని వెనక ఉంది.

అపోహ: టీ, కాఫీ తాగితే ఒంట్లో నీరంతా పోతుంది.

రోజూ తాగే అలవాటున్నవాళ్ళకి రెండు మూడు కప్పులతో ఏమీ కాదు. ఆ నీరూ లెక్కలోకే వస్తుంది. బీరు అలా కాదు. మద్యం మూత్రాన్ని పెంచుతుంది, ఎండ ఎంత తగులుతోందన్న తెలివిడిని మందగింపజేస్తుంది. ఆట అయ్యాక, నీడలో, అన్నంతో పాటు చూసుకోండి.

అపోహ: జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదు.

ఉల్లిపాయని మజ్జిగలో నంజుకోండి. జేబులో ఉన్నది ఏమీ చేయదు. అది ఉందన్న ధైర్యంతో ఇంకో గంట ఎండలో ఉండిపోవడమే ప్రమాదం.

అపోహ: వడదెబ్బ తగిలినవాళ్ళ మీద చల్లనీళ్ళు పోయకూడదు, పారాసెటమాల్ వేయాలి.

రెండూ తప్పే. పారాసెటమాల్ జ్వరానికి పనిచేస్తుంది. వడదెబ్బ వేడికి పనిచేయదు, పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయానికి భారం. ఒళ్ళు 40 డిగ్రీలు దాటి కాలుతూ, మనిషి తికమకగా మాట్లాడుతుంటే, తూలుతుంటే, చెమట పడుతున్నా సరే, అది వడదెబ్బే అనుకోండి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనే మాట నమ్మి ఎదురుచూడొద్దు. ముందు అంబులెన్స్‌కి ఫోన్: మన దగ్గర 108, యూఏఈలో 998, కువైట్‌లో 112, అమెరికాలో 911. అది వచ్చేలోపు నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లనీళ్ళతో తడిపి గట్టిగా విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. గోల్ఫ్ బండిలో డ్రింకుల కోసం పెట్టుకున్న ఐసు పెట్టె అప్పుడు పనికొస్తుంది. తెలివిలో లేని మనిషి నోట్లో మాత్రం చుక్క నీళ్ళు కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.