కాచార్ ఆస్పత్రి: రెండో కీమోకి రాని పేషెంట్ల కథ

అస్సాంలోని సిల్చర్ పట్టణం నుంచి గువాహటికి కొండదారిలో 300 కిలోమీటర్ల పైమాటే. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే ఆ దారీ ఉండదు. సిల్చర్ ఉన్న బరాక్ లోయలో వక్క, పొగాకు నమిలే అలవాటు ఎక్కువ, అందుకే నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ కూడా ఎక్కువే. జబ్బు చేస్తే చికిత్సకు అంత దూరం పోలేక ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు. ఇది చూడలేక ఊరివాళ్లే సొసైటీగా ఏర్పడి, చందాలు పోగుచేసి, 1996లో కాచార్ క్యాన్సర్ ఆస్పత్రి తెరిచారు.

ఆస్పత్రి వచ్చినా డాక్టర్ల కొరత తీరలేదు. చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో సర్జరీ విభాగానికి పెద్దగా ఉన్న డాక్టర్ రవి కన్నన్ 2007లో కుటుంబంతో సహా సిల్చర్‌కు మకాం మార్చారు. అప్పటికి అక్కడున్న సిబ్బంది 23 మంది.

ఆయన గమనించిన అసలు సమస్య ఆపరేషన్ థియేటర్‌కు బయట ఉంది. పేషెంట్లు మొదటిసారి వస్తున్నారు, మళ్లీ రావడం లేదు. చికిత్సకు నిలకడగా వచ్చేవాళ్లు నూటికి 28 మందే. రేడియేషన్ అంటే వారాల తరబడి, కీమో అంటే నెలల తరబడి తిరగాలి. పేషెంట్లలో ఎక్కువమంది తేయాకు తోటల్లో, పొలాల్లో పనిచేసే రోజుకూలీలు. ఒకరు మంచాన పడితే తోడు వచ్చేవాళ్ల కూలీ కూడా పోతుంది. మందులు ఉచితమన్నా, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు కదా!

అందుకే ఆస్పత్రి వైద్యంతో పాటు బస, భోజనం కూడా ఉచితంగా పెట్టింది. తోడు వచ్చినవాళ్లకు ఆస్పత్రిలోనే తాత్కాలికంగా ఏదో ఒక పని ఇచ్చి కూలీ కట్టింది. నా లెక్కలో ఖరీదైన మెషిన్ల కన్నా పెద్ద ఆలోచన ఇదే. ఊళ్లకు వెళ్లే బృందాలు నొప్పి తగ్గించే మందులు ఉచితంగా ఇచ్చి, మంచాన ఉన్న మనిషిని ఎలా చూసుకోవాలో ఇంట్లోవాళ్లకు నేర్పాయి. 28 శాతం కాస్తా 70 అయింది. 2023లో రవి కన్నన్‌కు రామన్ మెగసెసే అవార్డు వచ్చేనాటికి సిబ్బంది 451 మంది, ఏటా కొత్తగా వచ్చే పేషెంట్లు సగటున 5,000.

పేషెంట్ మళ్లీ వచ్చాడా లేదా అని లెక్కపెట్టడం పాత ఆలోచనే. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ వందేళ్ల కిందటే ప్రతి పేషెంట్‌కూ ఒక కార్డు రాసి, ఏడాది తర్వాత ఎలా ఉన్నాడో చూడాలని పట్టుబట్టాడు. తోటి డాక్టర్లకు అది నచ్చలేదు (తప్పులు బయటపడితే ఎవరికి నచ్చుతుంది?). అయినా 1913లో పుట్టిన సర్జన్ల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్, ఆ దారిలోనే నడిచింది. 1930లో క్యాన్సర్ క్లినిక్‌లకు ప్రమాణాలు పెట్టింది. ఇప్పుడు అక్కడ చిన్న ఊరి ఆస్పత్రి అయినా ఆ సంస్థ గుర్తింపు కావాలంటే పేషెంట్ల వివరాలు రాసిపెట్టే రిజిస్ట్రీ ఉండాలి, అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి కేసులు చర్చించే ట్యూమర్ బోర్డు ఉండాలి.

మన దగ్గర ఆ పనిలో కొంత 2012లో మొదలైన క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్, చేస్తోంది. ముంబై టాటా మెమోరియల్ దీనికి కేంద్రం. చిన్న ఆస్పత్రులూ పెద్ద ఆస్పత్రులూ ఒకే చికిత్సా పద్ధతులు పాటించేలా చూస్తుంది. అందరి తరఫునా కలిపి బేరమాడి 40 మందుల ధరలు బాగా తగ్గించింది కూడా.

ఇక కూలీ సంగతి. కన్నన్ సిల్చర్ చేరిన 2007లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించింది. కోలుకునే రోజుల్లో పోయే కూలీని ఆంధ్రప్రదేశ్ 2019 చివర్లో ఆరోగ్య ఆసరా పేరుతో లెక్కలోకి తీసుకుంది: రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. అదీ పేషెంట్‌కే. మంచం పక్కనే కూర్చున్న భార్య కూలీకి, కొడుకు కూలీకి ఆ పథకంలో లెక్క లేదు.