బరోక్, జాజ్: చుట్టరికం ఎక్కడుంది, ఎక్కడ లేదు

పియానో, దానికంటే పాతదైన, తీగలను మీటే కీబోర్డ్ వాద్యం హార్ప్సికార్డ్ వాయిస్తాను, నేర్పుతాను కూడా. 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ పేరు పక్కన జాజ్ పేరెత్తితే కొందరు ముక్కు చిట్లిస్తారు, కొందరు "రెండూ ఒకటేగా" అని తేల్చేస్తారు. వాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: బరోక్ అంటే రాసింది రాసినట్టు వాయించడం.

బరోక్ అంటే సుమారు 1600 నుంచి 1750 దాకా నడిచిన యూరప్ సంగీతం. ఆ కాలంలో ఇతర వాద్యాలకు తోడు వాయించే హార్ప్సికార్డ్ వాద్యకారుడి ముందు ఉండే కాగితం ఒక్కసారి చూడండి. ఎడమ చేతికి ఒక బేస్ (అడుగు స్వరాల) వరస, దానితో పాటు చిన్న చిన్న అంకెలు. కుడి చేతికి ఏమీ రాసి ఉండదు. దీన్నే ఫిగర్డ్ బేస్ అంటారు. బేస్‌లో 'ఇ' స్వరం (పాశ్చాత్య స్వరాల పేర్లు ఎ నుంచి జి దాకా) ఉండి దానికి 6 అంకె వేశారనుకోండి. 'ఇ' నుంచి లెక్కపెట్టి మూడో స్వరం 'జి', ఆరో స్వరం 'సి' కలపాలి. అంటే అడుగున 'ఇ' ఉన్న సి మేజర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు). జాజ్ పియానిస్టు కాగితం మీద ఇదే 'సి స్లాష్ ఇ' అని ఉంటుంది. 'జి' కి 4, వెంటనే 3 వేస్తే ముందు 'సి' మోగించి, దాన్ని 'బి' కి దించాలి. జాజ్ వాళ్లు 'జి సస్' (సస్ అంటే ఆపి ఉంచిన స్వరం) అని రాసి, ఆ తర్వాత 'జి' రాస్తారు. ఏ స్వరం పైన ఉండాలి, కార్డ్ ఎంత నిండుగా మోగాలి అన్నది రెండు చోట్లా వాయించేవాళ్ల చేతిలోనే ఉంటుంది.

సోలో వాయించేవాళ్లకూ అంతే. ఇటలీ స్వరకర్త కొరెల్లి వయొలిన్ సొనాటాలు (పలు భాగాలున్న కృతులు) 1700లో అచ్చయినప్పుడు నెమ్మది భాగాల్లో ఉన్నవి దాదాపు బోసి స్వరాలే. 1710లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రచురణకర్త ఒకరు, కొరెల్లి వాయించే తీరు ఇదీ అంటూ అలంకారాలు కలిపి మళ్లీ అచ్చు వేశారు. పక్కపక్కన పెడితే ఒకే పాట అని నమ్మడం కష్టం.

అపోహ: జాజ్‌లో ఏది తోస్తే అది వాయించవచ్చు.

హద్దులు వదిలేసిన ఫ్రీ జాజ్ సంగతి వేరు. మామూలు జాజ్‌లో కార్డ్‌ల వరస, బార్‌ల (తాళ ఆవర్తాల్లాంటి కొలతల) లెక్క గట్టిగా పట్టుకునే ఉంటారు. సాక్సఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1939లో రికార్డ్ చేసిన 'బాడీ అండ్ సోల్' వినండి. అసలు ట్యూన్ మొదట్లోనే జారిపోతుంది, 32 బార్‌ల కార్డ్‌లు మాత్రం కదలవు. బాఖ్ 1741లో అచ్చు వేయించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌లోనూ మొదట వచ్చే ఆరియా 32 బార్‌లే. తర్వాత వచ్చే 30 వేరియేషన్లు (మార్చి వాయించే రూపాలు) దాని బేస్ మీద, కార్డ్‌ల మీద నిలబడతాయి, పై ట్యూన్ మీద కాదు. నా మటుకు అసలు చుట్టరికం ఇదే.

అపోహ: మనోధర్మమే కదా, మన కచేరీ లాంటిదే.

పూర్తిగా కాదు. కల్పనస్వరాలకు రాగం, తాళం హద్దులు. బరోక్, జాజ్‌లలో కార్డ్‌లు మారుతూ పోతుంటే స్వరాలూ వాటితో పాటు మారాలి.

అపోహ: స్వింగ్ జాజ్ సొత్తు.

స్వింగ్ అంటే సమానంగా రాసిన స్వరాలను ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వాయించడం. అలాంటి ఎగుడుదిగుడు వాయింపు 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో మామూలే. మేం రాసేది ఒకటి, వాయించేది ఇంకొకటి అనే అర్థంలో ఫ్రెంచ్ స్వరకర్త కూపరాన్ 1716లో తన క్లావ్‌సాన్ (ఫ్రెంచ్‌లో హార్ప్సికార్డ్) పుస్తకంలో చెప్పాడు కూడా. అయితే ఫ్రెంచ్ పద్ధతిలో బరువు మొదటి స్వరం మీద ఉంటుంది. జాజ్‌లో తరచూ రెండోదాని మీద పడుతుంది. అందుకే కూపరాన్‌ని స్వింగ్ చేస్తే వెంటనే తెలిసిపోతుంది, కొంచెం ఇబ్బందిగా కూడా ఉంటుంది.

అపోహ: బాఖ్ నుంచే జాజ్ పుట్టింది.

లేదు. జాజ్ అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ నల్లజాతి వాళ్ల సంగీతం. బ్లూస్, రాగ్‌టైమ్, బ్రాస్ బ్యాండ్‌లు, చర్చి పాటలు దాని మూలాలు. యూరప్ హార్మనీ అందులోకి వచ్చింది ఎక్కువగా మార్చ్‌ల నుంచి, భక్తి గీతాల నుంచి. బాఖ్‌ని వెతుక్కుంటూ జాజ్ వాళ్లు వెళ్లింది ఆ తర్వాత: 1937లో పారిస్‌లో వయొలినిస్టులు ఎడ్డీ సౌత్, గ్రాపెల్లి, గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ కలిసి బాఖ్ రెండు వయొలిన్ల కన్చెర్టో (డబుల్ కన్చెర్టో) మొదటి భాగాన్ని రికార్డ్ చేశారు. 1959 నుంచి ఫ్రెంచ్ పియానిస్టు జాక్ లూసియే ట్రియో ఆ దారినే వెళ్లింది. లూసియే నాకు కొంచెం తియ్యదనం ఎక్కువనిపిస్తుంది.

అపోహ: జాజ్ వచ్చినవాళ్లకు ఫిగర్డ్ బేస్ మంచినీళ్ల ప్రాయం.

కార్డ్ గుర్తుపట్టడంలో వాళ్లే ముందుంటారు, రాసింది మాత్రమే చదివే క్లాసికల్ విద్యార్థులు వెనకబడతారు. చిక్కు కార్డ్‌లోని ఏడో స్వరం (సెవెన్త్) దగ్గర వస్తుంది. జాజ్‌లో సెవెన్త్ ఒక రంగు, చివరి కార్డ్‌లో కూడా హాయిగా ఉండిపోవచ్చు. బరోక్‌లో అది మెట్టు దిగి తీరాలి, అదీ అదే గొంతులో (ఒకే స్వరవరసలో). జాజ్ అలవాటైన చేతికి ఆ దిగడం గుర్తుండదు, కార్డ్ మారగానే కొత్త చోటికి గెంతుతుంది. అలాంటివాళ్లతో మొదట మూడు గొంతులతోనే వాయించమంటాను. నాలుగోది ఎప్పుడు కలపాలో వాళ్ల చెవికే తెలుస్తుంది.