లీకవుతున్న ఫిష్ ట్యాంక్‌కి బాత్రూమ్ సిలికాన్ కొట్టేయొచ్చా?

నాలుగడుగుల ట్యాంక్ మూలలోంచి నీళ్లు కారుతున్నాయి, బాత్రూమ్ పనికి తెచ్చిన సిలికాన్ ట్యూబ్ సగం మిగిలి ఉంది, వెనిగర్ వాసన వస్తోంది, వెనిగర్ వాసన వచ్చేదే అక్వేరియంకి వాడాలని ఎక్కడో విన్నాను, కొట్టేయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ, వాడొద్దు. వాసన గురించి మీరు విన్నది నిజమే, కానీ వాసన వల్ల తెలిసేది ఆ జిగురు ఎలా గట్టిపడుతుందన్నది ఒక్కటే. చేపల్ని చంపేదానికి అసలు వాసనే ఉండకపోవచ్చు.

ట్యూబ్‌లో ఉండేవి పొడవాటి గొలుసులు: సిలికాన్ అనే మూలకం పరమాణువు, ఆక్సిజన్ పరమాణువు ఒకదాని తర్వాత ఒకటి, పక్కల మిథైల్ గ్రూపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు). ఈ గొలుసుల తయారీకి మా రోజుల్లో ఇంటర్ కెమిస్ట్రీలో డైమిథైల్ డైక్లోరోసిలేన్ జలవిశ్లేషణ (నీటితో విడగొట్టడం) అని ఒక సమీకరణం బట్టీ పట్టించి వదిలేసేవాళ్లు. ఒక సిలికాన్ ట్యూబ్ క్లాసుకి తెచ్చి బల్ల మీద నొక్కి, ఆ వాసన చూపించి, ఇదిగో అలాంటి జలవిశ్లేషణే ఇప్పుడు మీ ముందే జరుగుతోంది అని చెప్తే పిల్లలు జన్మలో మర్చిపోరు కదా! ఈ గొలుసుల్ని ముడేసేది మిథైల్ ట్రైఅసిటాక్సీ సిలేన్ అనే చిన్న అణువు. దానికి మూడు చేతులు, మూడిటికీ అసిటేట్ గ్రూపులు తగిలించి ఉంటాయి. గాల్లో ఉన్న తేమ తగలగానే నీటి అణువు వచ్చి ఒక గ్రూపుని ఊడగొడుతుంది, ఊడింది అసిటిక్ యాసిడ్‌ అయ్యి బయటికి పోతుంది (వాసన దానిదే), ఖాళీ అయిన చెయ్యి గొలుసు కొసని పట్టుకుంటుంది. అలా మూడేసి గొలుసులు ఒక్కోచోట ముడిపడితే జిగురు కాస్తా రబ్బరవుతుంది. అద్దం ఉపరితలం మీద కూడా సిలికాన్-హైడ్రాక్సిల్ గ్రూపులు ఉంటాయి కాబట్టి కొన్ని చేతులు వాటినీ పట్టుకుంటాయి, సిలికాన్ అద్దాన్ని అంత గట్టిగా పట్టడానికి కారణం ఈ రసాయన బంధమే.

మరి ఆ యాసిడ్ చేపలకి ప్రమాదం కాదా? లెక్కేద్దాం. 280 మిల్లీలీటర్ల ట్యూబ్‌లో సరుకు సుమారు 290 గ్రాములు, అందులో ఈ ముడేసే పదార్థం 4 శాతం అనుకుంటే 12 గ్రాముల లోపు. దాని మోలార్ మాస్ 220, అందులోంచి ఊడే మూడు అసిటిక్ యాసిడ్‌లు కలిపి 180, అంటే ట్యూబ్ మొత్తానికి 10 గ్రాముల లోపు యాసిడ్, ఒక గ్లాసుడు వెనిగర్‌లో ఉండేంత. అందులో ఎక్కువ భాగం గట్టిపడేటప్పుడే గాల్లోకి పోతుంది, మిగిలిన కాస్త నీళ్లలోకి వచ్చినా బ్యాక్టీరియా తినేస్తుంది. కాబట్టి పూర్తిగా ఆరనిస్తే వెనిగర్ వాసనకి భయపడక్కర్లేదు.

భయపడాల్సింది బాత్రూమ్ ట్యూబ్‌లో బూజు పట్టకుండా కలిపే ఫంగస్ మందుకి. జింక్ పైరిథియాన్, ఆక్టైల్ ఐసోథయజోలినోన్, కార్బెండజిమ్, కొన్నిట్లో ఆర్సెనిక్ ఉన్న ఓబీపీఏ లాంటివి వాడారు. కార్బెండజిమ్ మన రైతులకి బాగా తెలిసిన మందే, పైర్ల మీద తెగుళ్లకి కొడతారు. జింక్ పైరిథియాన్ చుండ్రు షాంపూల్లో ఉండేది, 2022 నుంచి యూరప్‌లో కాస్మెటిక్స్‌లో నిషేధించారు, నీళ్లలో ఉండే జీవాలకి అది చాలా విషం. ఇప్పుడు కాస్త ఆలోచించండి, ఆ మందు రబ్బరు లోపలే కదలకుండా ఉండిపోతే బూజుకి ఏమవుతుంది? ఏమీ కాదు. బూజు పెరిగేది పైన ఉన్న తడిలో, కాబట్టి మందు కొంచెం కొంచెంగా ఆ తడిలోకి ఊరుతూ ఉండాలి, ఊరితేనే పనిచేస్తుంది, నెలల తరబడి ఊరాలనే కలుపుతారు. బాత్రూమ్‌లో ఆ తడి డ్రెయిన్‌లోకి పోతుంది. ట్యాంక్‌లో ఎక్కడికీ పోదు, అవే నీళ్లు పగలూ రాత్రీ చేప మొప్పల్లోంచి తిరుగుతూనే ఉంటాయి. నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి కడిగేస్తే పోతుందిలే అనుకోవడం కూడా అందుకే కుదరదు.

ట్యాంక్ సీల్ చేసిన కొన్నాళ్లకి చేపలు వరసగా పోతే మన ఇళ్లల్లో ఏమంటారు, ఇంటికి రావాల్సిన కీడు అవి తీసుకుపోయాయి అంటారు, ట్యాంక్ ఈశాన్యంలో పెట్టలేదు అంటారు. ఆ మాటతో వెతకడం ఆగిపోతుంది, కొత్త చేపలు తెచ్చి అదే ట్యాంక్‌లో వేస్తారు, అవీ పోతాయి. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది, ఎందుకంటే కారణం ట్యూబ్ మీదే రాసి ఉంటుంది. యాంటీ ఫంగల్, మోల్డ్ రెసిస్టెంట్, శానిటరీ, కిచెన్ అండ్ బాత్ అని ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. 100 శాతం సిలికాన్ అని రాసున్నంత మాత్రాన మందు కలపలేదని కాదు. అక్వేరియంకి అని స్పష్టంగా రాసున్నది దొరికితే అదే తీసుకోండి, దొరక్కపోతే కంపెనీ సైట్‌లో ఆ ప్రొడక్ట్ టెక్నికల్ షీట్, సేఫ్టీ షీట్ రెండూ తెరిచి చూడండి, అక్వేరియంకి వాడొద్దని అందులో తేల్చి రాసేవాళ్లున్నారు. చవక జీపీ (జనరల్ పర్పస్, అంటే అన్ని పనులకీ అని అమ్మే) ట్యూబుల్లో సిలికాన్ తగ్గించి మినరల్ ఆయిల్ కలుపుతారు, అది కాలం గడిచేకొద్దీ బయటికొచ్చి సీల్ కుంచించుకుపోతుంది. న్యూట్రల్ రకం (గట్టిపడేటప్పుడు యాసిడ్ వదలనిది) చేపలకి ఇంకా మంచిదనుకుంటారు గానీ అది చేపల కోసం వచ్చింది కాదు, అసిటిక్ యాసిడ్ లోహాల్నీ మార్బుల్‌నీ తినేస్తుంది కాబట్టి వాటి కోసం వచ్చింది. అందులో ఆక్సైమ్ రకం నుంచి మిథైల్ ఇథైల్ కీటాక్సైమ్ వస్తుంది, యూరప్‌లో దాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చారు, మనం ఊపిరి పీల్చే గదిలో అదెందుకు?

ఇక గట్టిపడటం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. పాల మీద మీగడ కట్టినట్టు సిలికాన్ మీద పావుగంటలోనే పొర కడుతుంది, వేలితో ముట్టుకుంటే ఆరిపోయిందనిపిస్తుంది, మీగడ కింద పాలు పాలలాగే ఉన్నట్టు కింద జిగురు జిగురుగానే ఉంటుంది. తేడా ఏంటంటే మీగడ కట్టేటప్పుడు పైనున్న నీళ్లు ఆవిరై బయటికి పోతాయి, ఇక్కడ గాల్లోంచి నీళ్లు లోపలికి రావాలి. కట్టిన పొరలోంచే తేమ లోపలికి దూరాలి, అదే పొరలోంచి యాసిడ్ బయటికి రావాలి. పొర మందమయ్యేకొద్దీ దారి పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, లెక్కలో చెప్పాలంటే గట్టిపడిన లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. మొదటి రోజు 3 మిల్లీమీటర్లు అయితే 6 మిల్లీమీటర్లకి రెండో రోజు చాలదు, నాలుగు రోజులు పడుతుంది, 9కి తొమ్మిది రోజులు. మూలలో వేసిన సీల్‌కి రెండు పక్కలా అద్దమే, తేమ వచ్చేది ఒక్క వైపు నుంచే. అందుకే 24 గంటలు అని ట్యూబ్ మీద చూసి నీళ్లు పోసేస్తే లోపలున్న పచ్చి జిగురు మీదే బరువు పడుతుంది. నేనైతే వారం ఆగమంటాను, లావుగా వేస్తే పది పన్నెండు రోజులు. వైజాగ్ ఉక్కపోతలో తొందరగా అవుతుంది, మే నెలలో అనంతపురం పొడిగాలికి ఆలస్యమవుతుంది, అలాంటప్పుడు గదిలో తడిగుడ్డలు ఆరేస్తే పని ముందుకెళ్తుంది. ఫ్యాన్ కిందో ఎండలోనో పెడితే ఆరిపోతుందనుకోకండి, దీనికి కావాల్సింది తేమ.

పాత సీల్ మీదే కొత్తది పూయడం మాత్రం చేయొద్దు. గట్టిపడిపోయిన సిలికాన్ మీద మిథైల్ గ్రూపులే ఉంటాయి, పట్టుకోవడానికి చేతులేవీ మిగలవు, కొత్త పూత కొన్నాళ్లకి పొరలా లేచొస్తుంది. లోపలి సీల్ మొత్తం బ్లేడుతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అద్దం అద్దంలా అయ్యాకే వేయాలి. 120 సెంటీమీటర్ల పొడవు, 60 ఎత్తు ఉన్న అద్దాన్ని నిండుగా ఉన్న నీళ్లు 216 కిలోల బలంతో బయటికి నెడతాయి, ట్యాంక్ వెడల్పు ఎంతన్నది ఇక్కడ అనవసరం. రెండు అద్దాల మధ్య ఉన్న అసలు జాయింట్‌లోనే బుడగలు, పాయలు కనిపిస్తే లోపల పూసి ఆపలేరు, ట్యాంక్ విప్పి మళ్లీ అతికించాలి.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, ఎక్కువగా ఏడాది వరకే బాగుంటాయి, ఆ తర్వాత అసలు గట్టిపడకుండా ఉండిపోవచ్చు. ముందు గాజు ముక్క మీద చిన్న బొట్టు వేసి వదిలేయండి, మర్నాడు కోసి చూస్తే లోపల ఇంకా జిగురుగా ఉంటే ఆ ట్యూబ్ ట్యాంక్ దగ్గరికి తీసుకెళ్లకండి.