వెండి రూపాయి అసలా, నకిలీయా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నానమ్మ పెట్టెలో దొరికిన రాణి రూపాయి, అంటే విక్టోరియా రాణి బొమ్మున్న పాత వెండి నాణెం, నా దగ్గరికి పట్టుకొచ్చేవాళ్లు చాలామంది ఇంట్లోనే ఓ పరీక్ష చేసేసి వస్తారు. "అయస్కాంతం పెట్టి చూశాం సార్, అంటుకోలేదు" అంటారు. సంగతంతా తేలిపోయినట్టే ఉంటుంది వాళ్ల మాట. అక్కడి నుంచే మొదలుపెడదాం.

అపోహ: అయస్కాంతానికి అంటుకోకపోతే అది అసలు నాణెమే.

అంటుకుంటే వెండి కాదు, అంతవరకు నిజం. కానీ నకిలీలు ఎక్కువగా జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, నిజానికి రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం), ఇత్తడి, రాగి వంటి వాటితో చేసి పైన వెండి పూత వేస్తారు. ఇవేవీ అంటుకోవు. తమాషా ఏమిటంటే, వెనకవైపు పులి బొమ్మ ఉండే 1947 నాటి జార్జి రాజు రూపాయి టక్కున అంటుకుంటుంది. అది ప్రభుత్వం నికెల్‌తో వేసిన అసలు నాణెమే.

అపోహ: బండ మీద వేస్తే ఖంగుమనాలి.

పోత పోసిన నకిలీ సాధారణంగా మొద్దుగా పలుకుతుంది. అయితే అచ్చు కొట్టిన జర్మన్ సిల్వర్ కూడా బాగానే మోగుతుంది. సన్నని పగులున్న అసలు రూపాయి, దండకు కొక్కెం అతికించి ఊడదీసిన అసలు రూపాయి మోగకపోవచ్చు. పైగా బండకేసి కొడితే అంచు పాడవుతుంది. దయచేసి కొట్టకండి.

అపోహ: తూకం సరిపోతే చాలు.

1835 నుంచి 1939 వరకు రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అప్పటి తులం కూడా సరిగ్గా ఇంతే. అర్ధ రూపాయి 5.83, పావలా 2.92, వెండి బేడ 1.46 గ్రాములు. వాడకంలో అరిగి కొంచెం తగ్గితే కంగారు అక్కర్లేదు. ధనత్రయోదశికి నగల షాపుల్లో అమ్మే రాజు బొమ్మ బిళ్లలు చాలావరకు తూకం దగ్గరే దొరికిపోతాయి, ఎందుకంటే వాటిని 10 గ్రాముల లెక్కన చేస్తారు. తెలివైన నకిలీదారు మాత్రం బిళ్లను కాస్త మందంగా చేసి బరువు సరిపెడతాడు. అందుకే నీటి తూకం కూడా చూడాలి.

చిన్న డిజిటల్ కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. 1939 దాకా వేసిన 11.66 గ్రాముల అసలు రూపాయికి కాటా 1.13 గ్రాముల దగ్గర ఆగుతుంది. అదే బరువున్న జర్మన్ సిల్వర్ బిళ్లకు 1.35 దాకా చూపిస్తుంది. ఇంట్లో చేసుకోగలిగే పరీక్షల్లో నేను నమ్మేది ఇదొక్కటే.

అపోహ: వెండి అసలైనదైతే నాణెం అసలైనదే.

చదువుకున్నవాళ్లు కూడా ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అరుదైన నాణేనికి లోహం విలువ కన్నా ఎన్నో రెట్లు ధర పలుకుతుంది కాబట్టి నకిలీదారు నికార్సైన వెండినే వాడతాడు. గీటురాయి పరీక్షలోనూ, లోహం స్వచ్ఛత చూసే టంచ్ మిషన్‌లోనూ అది పాసైపోతుంది. 1939 రూపాయి దీనికి మంచి ఉదాహరణ. 91.7 శాతం వెండితో వేసిన చివరి రూపాయి అదే, దొరకడం చాలా కష్టం. 1938 రూపాయి మీద 8ని 9గా చెక్కి అమ్మేవాళ్లున్నారు. పది రెట్ల భూతద్దంతో చివరి అంకె చుట్టూ చూడండి. పక్క అంకెల దగ్గర ఉన్న పాత మరక ఆ ఒక్క అంకె చుట్టూ లేకపోతే, అక్కడ గీకిన మెరుపు కనిపిస్తే, ఇక బేరం వద్దు.

అరుగుదల కూడా చాలా చెబుతుంది. అసలు నాణెంలో చెంప, చెవి పైన జుట్టు, కిరీటం లాంటి ఎత్తైన చోట్లు ముందు అరుగుతాయి, అక్షరాల మొదళ్లు మాత్రం పదునుగానే ఉంటాయి. పోత నకిలీలో అన్నీ ఒకేలా మొద్దుబారి ఉంటాయి, అక్షరాల సందుల్లో సూదిమొన గుంటలు కనిపిస్తాయి. అంచు మీద అతుకు గీత ఉందేమో కూడా తిప్పి చూడండి.

అపోహ: ఎర్రగా, పచ్చగా కనిపిస్తే నకిలీ.

1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది, మిగతాది రాగి, నికెల్, జింక్. అరిగాక రంగు తేడా రావడం సహజం. ఆ నాణేల అంచు చూడండి: నిలువు గీతల మధ్యలో చుట్టూ ఒక గాడి ఉంటుంది. దొంగ నాణేలను అడ్డుకోవడానికే ఆ గాడి పెట్టారు.

నలుపు సంగతి వేరు. గాలిలోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది, అదే నలుపును రసాయనంతో గంటలో తెప్పించవచ్చు, కాబట్టి నల్లగా ఉంది కదా అని పాతదే అనుకోకండి. అలాగని చింతపండు, సబీనా పెట్టి తోమితే అసలు నాణెం విలువ కూడా పోతుంది.

అపోహ: ఒకే సంవత్సరం నాణేలు రెండు రకాలుగా ఉంటే ఒకటి దొంగది.

1862 అని ఉన్న విక్టోరియా రూపాయలను 1873 దాకా అదే తేదీతో ముద్రించారు. చుక్కల్లో, చిన్న చిన్న వివరాల్లో తేడాలు అందుకే ఉంటాయి.

అపోహ: 1818 నాటి రాముడి పట్టాభిషేకం బొమ్మ ఉన్న ఈస్టిండియా కంపెనీ నాణేనికి లక్షలొస్తాయి.

ఆ నాణేన్ని కంపెనీ ఎప్పుడూ వేయలేదు. మద్రాసు కంపెనీ వెండి అర వరహా మీద గోపురం, విష్ణుమూర్తి ఉన్న మాట నిజమే, అది వేరే నాణెం. 1818 బిళ్లలు ఆ తర్వాత ఎవరో కల్పించి చేసినవి. ఇవే బియ్యం గింజల్ని లాగుతాయని చెప్పి "రైస్ పుల్లింగ్" పేరుతో లక్షలు గుంజుతున్నారు. వెండి గానీ రాగి గానీ బియ్యాన్ని లాగవు. అలాంటి బేరం వస్తే అడ్వాన్స్ ఇవ్వకుండా నేరుగా పోలీసులకు చెప్పండి.